గ్యాసు మేకుల గన్ను, దాని ఛార్జరు: పాఠకుల ప్రశ్నలు

గ్యాసుతో పనిచేసే మేకుల గన్ను గురించి కిందటి నెల ఈ శీర్షికలో నాలుగు ముక్కలు రాశాను. దానికి గుట్టెడు ఉత్తరాలొచ్చాయి. వాటిలో ముప్పాతిక వంతు మేకు గురించే. మేకు ఎగురుతుందా, గుచ్చుకుంటుందా, వెనక్కి తంతుందా అని. నేను 28 ఏళ్లుగా పనిముట్లు రిపేరు చేసే బల్ల ముందు కూర్చుంటున్నాను. నా దగ్గరికొచ్చే గన్నులు చెప్పే కథ వేరు. మేకు దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసిన మనిషే, పనైపోయాక గన్నులో వేసే గ్యాసు డబ్బాను ఎండలో పడేస్తాడు, బ్యాటరీని పొట్టు గుట్ట మీద ఛార్జింగుకు పెట్టి నిద్రపోతాడు. అందుకే ఈసారి డబ్బా, ఛార్జరు ఉత్తరాలకు ఎక్కువ చోటిచ్చాను. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మాస్టారూ, ఈ గన్నుకు గాలి పైపు లేదు, కరెంటు తీగ లేదు. అరచేతిలో పట్టే బ్యాటరీ 90 మిల్లీమీటర్ల మేకును ఒక్క దెబ్బతో దూలంలోకి ఎలా దింపుతుంది? నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

జవాబు: మీరు నమ్మకపోవడమే మంచిది. దింపేది బ్యాటరీ కాదు, నిప్పు. గన్ను లోపల చిన్న ఇంజిన్ ఉందనుకోండి. ముక్కును చెక్కకు ఆనించి నొక్కగానే లోపలి గది మూసుకుంటుంది, డబ్బాలోంచి కొలిచినట్టు ఒక్క గుక్క గ్యాసు అందులోకి వస్తుంది, చిన్న ఫ్యాను తిరిగి ఆ గ్యాసునీ గాలినీ కలుపుతుంది. ఆ గుయ్‌మనే చప్పుడు మీకు వినపడుతుంది. ట్రిగ్గర్ నొక్కితే ప్లగ్గులో మిణుగురంత స్పార్కు పుడుతుంది. గ్యాసు భగ్గుమని పిస్టన్‌ను కిందికి తోస్తే, దాని కొసనున్న ఉక్కు పట్టీ మేకు నెత్తిన కొడుతుంది. ఆ తర్వాత జరిగేదే నాకు ముచ్చట. కాలిన గ్యాసు చల్లబడి ముడుచుకుంటుంది కదా, ఆ పీల్పుకే పిస్టన్ మళ్లీ పైకి వచ్చేస్తుంది. ముక్కును చెక్క మీంచి ఎత్తితే గది తెరుచుకుంటుంది, ఫ్యాను పొగను బయటికి నెట్టి కొత్త గాలి నింపుతుంది. ప్యాస్‌లోడ్ కంపెనీ 1986లో ఇంపల్స్ అనే పేరుతో ఇలాంటి గన్ను తెచ్చింది. ఇప్పటికీ చాలా గన్నుల్లో సూత్రం ఇదే.

బ్యాటరీ పనల్లా ఫ్యాను తిప్పడం, స్పార్కు పుట్టించడం. అందుకే ఒక ఛార్జింగుతో వేలల్లో మేకులు దిగుతాయి, డబ్బా మాత్రం వెయ్యి ప్రాంతంలోనే అయిపోతుంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, గన్ను లోపల నిప్పు ఉందని ఒకసారి తలకెక్కితే సగం జాగ్రత్తలు ఎవరూ చెప్పనక్కర్లేదు. థిన్నరు డబ్బా మూత తీసి ఉన్న గదిలో, అప్పుడే వార్నిష్ కొట్టిన తలుపు పక్కన దీన్ని వాడకూడదు. కిటికీలన్నీ మూసిన చిన్న గదిలో గంటల తరబడి వాడకూడదు. బయటికొచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా లేవు. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే అలసట అనుకోకుండా బయటికి నడవండి.

ప్రశ్న: నేను పనిలో చేరి రెండు నెలలైంది. మా మేస్త్రీ గన్ను ముక్కును తీగతో వెనక్కి లాగి కట్టేశాడు. పని జోరుగా సాగుతుందట. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఆయనకు ఎలా చెప్పాలి?

జవాబు: బాబూ, ప్రమాదం అని చెబితే మేస్త్రీలు వినరు. నేనూ ఒకప్పుడు వినలేదు. ‘ఇలా కడితే పని సాగదు మేస్త్రీ’ అని చెప్పు, వింటాడు. అది అబద్ధం కూడా కాదు. పైన రాశాను చూడు, ముక్కు పైకి లేస్తేనే గది తెరుచుకుని పొగ పోతుంది. కట్టేసిన ముక్కు లేవదు. లోపల పాత పొగే ఉండిపోతుంది, రెండో దెబ్బ పేలదు. అంటే తీగ కట్టి ఆయన సంపాదించింది ఒక్క దెబ్బ. ఆ ఒక్క దెబ్బా చెక్కకు ఆనించకుండానే, గాల్లోనే, ఎవరి వైపు తిరిగి ఉంటే వాళ్ల వైపు పేలుతుంది.

గాలి పైపు గన్నుల్లో ఇంకో రకం ఉంది. ట్రిగ్గర్ పట్టుకునే ఉంచి, ముక్కును టకటకా తాటిస్తే మేకులు వరసగా దిగుతాయి. ఆ అలవాటు గ్యాసు గన్నుకు తెచ్చుకోవద్దు. అమెరికాలో పనివాళ్ల భద్రత చూసే నియోష్, ఓషా అనే రెండు ప్రభుత్వ సంస్థలు కలిసి 2011లో మేకుల గన్నుల మీద ఒక చేతి పుస్తకం వేశాయి. ఆ దేశంలో ఏడాదికి సుమారు 37,000 మంది మేకుల గన్ను గాయాలతో ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్తున్నారని అందులో ఉంది. తాటించి కొట్టే ట్రిగ్గర్‌తో దెబ్బ తగిలే అవకాశం, ముందు ముక్కు ఆనించి తర్వాత ట్రిగ్గర్ నొక్కే పద్ధతితో పోలిస్తే రెండింతలని కూడా ఉంది. దెబ్బల్లో సగానికి పైగా చేతికీ వేళ్లకేనట.

ఆ సగంలో నేనూ ఒకణ్ణి. పనిలో చేరి నాలుగేళ్లయి, ఇంక నాకేం అవుతుందిలే అనుకునే రోజులవి. రెండు చెక్కలు కలిపే మూల దగ్గర ఎడమచేత్తో చెక్క పట్టుకుని, బొటనవేలికి నాలుగంగుళాల దూరంలో ముక్కు ఆనించాను. అక్కడ చెక్కలో ముడి ఉంది, రూపాయి బిళ్లంత నల్లటి ముడి. చూశాను కూడా. మేకు ఆ ముడికి తగిలి, చెక్క లోపలే చేపల గాలంలా వంగి, పక్కనుంచి బయటికొచ్చి బొటనవేలి గోరు పక్కన దిగింది. నొప్పి వెంటనే తెలియలేదు. వేలు చెక్కను వదలడం లేదేమిటా అని లాగాను, అప్పుడు తెలిసింది. ఇప్పటికీ చలికాలం ఆ గోరు చీలుతుంది. అందుకని పట్టుకునే చెయ్యి మేకుకు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచు. అంత చోటు లేకపోతే క్లాంపు బిగించు. ముడి కనిపిస్తే పక్కకు జరుగు, చెక్క అంచు మీద కొట్టకు, పలుచని పలకకు పొడుగు మేకు వేసి వెనకాల చెయ్యి పెట్టకు. పక్కలు కూడా మూసే కళ్లద్దాలు పెట్టుకో. మామూలు చదువుకునే కళ్లద్దాలు లెక్కలోకి రావు. నిచ్చెన ఎక్కేటప్పుడు ట్రిగ్గర్ మీంచి వేలు తియ్యి.

ప్రశ్న: మా ఆయన వడ్రంగి పని చేస్తారు. గ్యాసు డబ్బాలు కారు డిక్కీలో అలాగే వదిలేస్తారు. ఖాళీవి చెక్క ముక్కలతో పాటు మంటలో వేసేస్తున్నారు. ‘ఖాళీ డబ్బాయే కదా’ అంటారు. నాకు భయంగా ఉంది. నేను ఎక్కువ ఊహించుకుంటున్నానా?

జవాబు: లేదమ్మా, మీరే సరిగ్గా ఉన్నారు. ఈ ముక్క ఆయనకు చదివి వినిపించండి.

ఆ డబ్బాలో మామూలుగా రెండు అరలుంటాయి. లోపల ఒక మెత్తటి సంచీ, అందులో గన్నుకు వెళ్లే ఇంధనం. సంచీకీ డబ్బా గోడకీ మధ్య ఇంకో గ్యాసు ఒత్తిడితో ఉంటుంది. అది సంచీని పిండుతుంది. టూత్‌పేస్టు ట్యూబును చేత్తో పిండినట్టే. డబ్బాను ఎటు వంచి పట్టుకున్నా గన్ను పనిచేయడానికి కారణం అదే. ఇంధనం అయిపోతే ఖాళీ అయ్యేది సంచీ. పిండే గ్యాసు ఎక్కడికీ పోదు, ఒత్తిడితో అక్కడే ఉంటుంది, పైగా అదీ మామూలుగా మండే రకమే. అంటే ఆయన ఖాళీ అనుకుని మంటలో వేసేది బిగించిన చిన్న బాంబు. ఇంతవరకు ఏమీ కాలేదంటే అదృష్టమే. మేకుతో పొడిచి ‘గ్యాసు వదిలేసి’ పారేద్దామనుకోవడం కూడా అంతే తప్పు. వాడేసిన డబ్బాలను విడిగా పెట్టి, ప్రమాదకరమైన చెత్త తీసుకునే చోట ఇవ్వాలి.

ఇక డిక్కీ సంగతి. డబ్బా మీద 50 డిగ్రీలు దాటనివ్వకూడదని రాసి ఉంటుంది. ఎండలో మూసిపెట్టిన కారు లోపల అంతకు మించడం పెద్ద విషయం కాదు. వేడికి లోపలి ఒత్తిడి పెరుగుతుంది, మూతి దగ్గర కారడం మొదలవుతుంది. కారిన గ్యాసు గాలికన్నా బరువు. పైకి పోకుండా నేలబారుగా పాకుతుంది, పల్లం ఎక్కడుంటే అక్కడ చేరుతుంది. అందుకే డబ్బాలను నేలమాళిగలో, హీటరు పక్కన, స్టవ్ ఉన్న గదిలో ఉంచరు. నీడగా, గాలి ఆడేచోట, నిటారుగా, పిల్లల చేతికి అందకుండా ఉంచాలి. సాయంత్రం గన్ను పెట్టెలో పెట్టేటప్పుడు డబ్బా తీసేయాలి. చాలా డబ్బాల అడుగున వాడాల్సిన గడువు తేదీ కూడా ఉంటుంది. అది దాటితే గన్ను మొరాయిస్తుంది, ఆయనేమో గన్ను పాడైందని నాలాంటివాడి దగ్గరికి పట్టుకొస్తారు.

ఇంకోమాట. విమానంలో వెళ్తే ఈ డబ్బాలు చేతి సంచిలోనూ, కింద వేసే సామానులోనూ రెండింట్లోనూ నిషిద్ధం. ఒకటే కదా అని బట్టల మధ్య దాచవద్దని చెప్పండి.

ప్రశ్న: నా పాత గన్నుకు నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉండేది. కొత్త గన్నుకు లిథియం బ్యాటరీ వచ్చింది. పాత ఛార్జరు నిక్షేపంలా ఉందని, కొత్త బ్యాటరీ అందులో పట్టేలా మా తమ్ముడు ప్లాస్టిక్ చెవిని ఆకురాయితో అరగదీశాడు. చక్కగా పట్టింది, లైటూ వెలిగింది. కాస్త వేడెక్కుతోంది, అంతే. రాత్రంతా పెట్టి ఉంచవచ్చా?

జవాబు: ఈ ఉత్తరం చదివాక నాకు టీ చల్లారిపోయింది. ముందు వెళ్లి ఆ ప్లగ్గు పీకండి. మిగతాది తర్వాత చదవండి.

పీకారా? ఇప్పుడు వినండి. ఆ చెవి అందం కోసం పెట్టింది కాదు. తప్పు బ్యాటరీ తప్పు ఛార్జరులో దూరకూడదని కంపెనీ పెట్టిన కాపలా. మీ తమ్ముడు అరగదీసింది ఆ కాపలానే. నికెల్ కాడ్మియం సెల్లు ఒక్కొక్కటి 1.2 వోల్టులు. ఐదు కలిపితే 6 వోల్టులు. లిథియం సెల్లు ఒక్కొక్కటి 3.6 లేదా 3.7, రెండు కలిపితే 7.4 దాకా. అంకెల తేడా ఒక ఎత్తు, నింపే పద్ధతిలో తేడా ఇంకో ఎత్తు. నికెల్ కాడ్మియం నిండాక వోల్టేజీ కొంచెం జారుతుంది, ఒళ్లు వేడెక్కుతుంది. చాలా పాత ఛార్జర్లు ఆ గుర్తుల కోసం కాచుకుని ఉండి ఆపేస్తాయి. కొన్ని అదీ చూడవు, గంట లెక్కన తోస్తూనే ఉంటాయి. లిథియం సెల్లు అలాంటి గుర్తు ఇవ్వదు. దాన్ని మామూలుగా 4.2 వోల్టుల దగ్గర కచ్చితంగా ఆపాల్సిందే. ఆపేవాడు లేకపోతే సెల్లు నిండి, పొంగి, లోపలి పొర తెగి, తన వేడిని తానే పెంచుకుంటూ పోతుంది. బ్యాటరీ లోపల కాపాడే సర్క్యూటు ఉండొచ్చు, ఉండి పనిచేయనూ వచ్చు. మీరు నిద్రపోతున్న ఇంటికి దాన్నొక్కదాన్నే కాపలా పెట్టకండి. ఆ బ్యాటరీ పక్కలు ఉబ్బినా, తీపి వాసనో ఘాటు వాసనో వచ్చినా ఇంక వాడవద్దు. ఇంటి బయట, మండే వస్తువులకు దూరంగా పెట్టి, బ్యాటరీలు తీసుకునే చోటికి పంపండి. మీ పాత నికెల్ కాడ్మియం కూడా అక్కడికే. కాడ్మియం విషం, చెత్తబుట్టలో వేయకూడదు.

సరైన ఛార్జరు అయినా కొన్ని పద్ధతులున్నాయి. నా దుకాణంలో ఛార్జర్లన్నీ ఒక రాతి పలక మీద ఉంటాయి. చుట్టూ మూరెడు దూరం ఏమీ ఉండదు. రంపప్పొట్టు ఛార్జరు గాలి సందుల్లోకి దూరుతుంది, వేడికి ఎండి, నిప్పు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. గుడ్డ కప్పడం, పెట్టె లోపలే ఉంచి ఛార్జి చేయడం, వానలో తడిసే వరండాలో పెట్టడం, ఇవేవీ వద్దు. తీగ కోసుకుపోతే టేపు చుట్టి సరిపెట్టుకోకండి. ఛార్జరు వెనక చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్ వోల్టేజీ ఉంటుంది. 100 నుంచి 240 అని ఉంటే సరే. 120 అని మాత్రమే ఉన్నదాన్ని 230 ఉన్న చోట ప్లగ్గు ఆకారం మార్చే ముక్క తగిలించి పెడితే, ఆ ముక్క మార్చేది ఆకారాన్నే, వోల్టేజీని కాదు. అలా మాడిన ఛార్జర్లు నా అటక మీద ఒక బుట్టెడు ఉన్నాయి.

ఎండలో కాలిన బ్యాటరీని తెచ్చి వెంటనే పెట్టవద్దు, చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి. గడ్డకట్టే చలిలోనూ పెట్టవద్దు. సున్నా డిగ్రీల కింద లిథియం బ్యాటరీని ఛార్జి చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది, అదే ముందుముందు లోపలి షార్టుకు దారి. చాలా కంపెనీలు 5 నుంచి 40 డిగ్రీల మధ్య ఛార్జి చేయమంటాయి. మీ పుస్తకంలో ఏముందో చూసుకోండి. పచ్చ లైటు వచ్చాక తీసేయండి. నేనైతే మెలకువగా ఉన్నప్పుడే ఛార్జింగు పెడతాను. ఇది ఏ పుస్తకంలోనూ లేకపోయినా నా ఇంటి చట్టం.

ఛార్జరు బయట కూడా బ్యాటరీ ఊరికే ఉండదు. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడొకడు విడి బ్యాటరీని ఏప్రన్ జేబులో వేసుకున్నాడు, అదే జేబులో గుప్పెడు మేకులున్నాయి. మేకులు రెండు కొసల్నీ కలిపేశాయి. కాసేపటికి వాడు గంతులు మొదలుపెట్టాడు. మేమంతా నవ్వాం, ఏప్రన్‌కు చిల్లుపడి పొగ వచ్చేదాకా. తొడ మీద మేకు ఆకారంలోనే వాత తేలింది. అప్పట్నుంచి విడి బ్యాటరీకి మూత పెట్టకుండా ఎవరూ జేబులో వేసుకోలేదు.

ప్రశ్న: బ్యాటరీని పూర్తిగా దించేశాకే ఛార్జి చేయాలంటారు, నిజమేనా?

జవాబు: నికెల్ కాడ్మియం రోజుల్లో పుట్టిన మాట, దానికి కొంతవరకు పనికొచ్చేది. లిథియానికి అక్కర్లేదు. సగంలో ఉన్నా పెట్టుకోవచ్చు. నెలల తరబడి వాడకపోతే పూర్తిగా దించి మాత్రం వదలకండి. సగం నింపి, గన్నులోంచి తీసి, చల్లని పొడి చోట ఉంచండి.

ప్రశ్న: ట్రిగ్గర్ నొక్కితే క్లిక్‌మంటోంది, పేలడం లేదు. విప్పి చూడాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: బ్యాటరీ తీయడంతో. తర్వాత డబ్బా. తర్వాత మేకుల పట్టీ. మూడూ బల్ల మీద మీ కళ్ల ముందు ఉన్నాకే స్క్రూడ్రైవరు పట్టుకోండి. ఇరుక్కున్న మేకు తీసేటప్పుడు కూడా ఇదే వరస. గదిలో ఒక గుక్క గ్యాసు మిగిలి ఉండొచ్చు కాబట్టి బ్యాటరీ తీశాక కూడా ముక్కు వైపు మొహం పెట్టవద్దు.

విప్పే ముందు చెవి పెట్టి వినండి. ముక్కు నొక్కినా ఫ్యాను తిరగకపోతే బ్యాటరీ దిగిపోయిందో, దాని కొసలకు మురికి పట్టిందో. ఫ్యాను తిరిగి కూడా పేలకపోతే గ్యాసు అయిపోయి ఉండాలి, లేదా గాలి ఫిల్టరు పొట్టుతో పూడిపోయి ఉండాలి, లేదా స్పార్కు ప్లగ్గుకు మసి పట్టి ఉండాలి. నా దగ్గరికొచ్చే వాటిలో ఎక్కువ భాగం ఫిల్టరు దులిపితే లేచి కూర్చుంటాయి. నేను డబ్బులు తీసుకోవడానికే సిగ్గుపడతాను. ఎత్తైన కొండల మీద గాలి పలచన కాబట్టి దెబ్బ బలం తగ్గుతుంది, గట్టి చలిలో గ్యాసు సరిగా ఆవిరవదు. అవి గన్ను తప్పులు కావు. శుభ్రం చేయడానికి కంపెనీ చెప్పిన క్లీనరే వాడండి, పెట్రోలు కాదు. క్లీనరు కూడా మండే రకమే కావచ్చు. కొట్టాక పూర్తిగా ఆరేదాకా బ్యాటరీ పెట్టవద్దు.

ప్రశ్న: మేకు చేతిలో దిగితే పట్టుకారుతో లాగేయవచ్చా?

జవాబు: వద్దు. ఈ మేకులకు ఒంటి నిండా గీతలుంటాయి, కొన్నింటికి వేడికి కరిగిన జిగురు, పట్టీ కాగితం ముక్కలు అంటుకుని ఉంటాయి. లాగితే లోపలున్న నరాన్నీ కండరాన్నీ చీల్చుకుంటూ వస్తుంది. నేను లాగింది నా వేలిని, మేకును కాదు, అయినా డాక్టరు తిట్టాడు. మేకును అలాగే ఉంచి, కదలకుండా చుట్టూ మెత్తగా గుడ్డ కట్టి, ఆసుపత్రికి వెళ్లండి. చిన్నదిలే అని ఊరుకోవద్దు, కీలు లోపల దిగినది పైకి చుక్కలా కనిపిస్తుంది. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో డాక్టరుకు చెప్పండి. వాడిన మేకు లాంటిదే ఇంకొకటి జేబులో వేసుకెళ్లండి. లోపల ఎంత పొడుగుందో వాళ్లకు తెలుస్తుంది.

ప్రశ్న: చెవుల్లో దూది పెట్టుకుంటే సరిపోదా? హెడ్‌ఫోన్లలాంటివి పెట్టుకుంటే చెమట పడుతోంది.

జవాబు: సరిపోదు. ఈ గన్ను చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది. దూది దాన్ని ఏమీ చేయలేదు. చెమట పడుతుంటే చెవిలో దూర్చే నురుగు ప్లగ్గులు వాడండి, సన్నగా నలిపి లోపలికంటా పెట్టుకోవాలి. నేను మొదటి పదేళ్లు ఏమీ పెట్టుకోలేదు. ఇప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి పిలిస్తే మూడోసారికి పలుకుతాను. ఆవిడ కావాలనే అనుకుంటుంది.